మణికట్టు మీద నూట డెబ్బై ఆరు

కల్వకుర్తిలో నా మాటలు నమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు కూడా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లే. నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. కాలిపోయిన రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టేసరికి ఒక పూట పడుతుంది. అంతసేపూ రైతు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఎండిపోతున్న చేనును తలుచుకుంటూ మోటారు వంకే చూస్తుంటాడు. ఆ చూపు భరించలేక ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. మర్రిగూడ దిక్కు ఒక బోరులోంచి నీళ్లకు బదులు చల్లగాలి తన్నుకొస్తే ఊరు ఊరంతా మంచాలు తెచ్చి దాని చుట్టూ వేసుకుని ఎండాకాలం గడిపేశారని చెప్పాను. తిరుమలగిరిలో నేను చుట్టిన మోటారు ఎంత జోరుగా తిరిగిందంటే పైపుతో సహా లేచిపోయి పక్కవాడి చెలకలో దిగిందనీ, నీళ్లు ఎవరివో తేలక పెద్దమనుషులు మూడు రోజులు కూర్చున్నారనీ చెప్పాను. రైతు నవ్వేవాడు. నాకంతే కావాలి.

నోటి సంగతి అట్లా ఉంటే, చేతి సంగతి వేరు. ఎన్ని చుట్లు పడాలో అన్నే చుడతాను. ఒక్క చుట్టు తగ్గినా మోటారు వేడెక్కుతుంది. మీటరు పెట్టి చూడనిదే దుకాణం గడప దాటనివ్వను. ముప్పై ఏళ్లుగా మనుషులు చెప్పేదాన్ని పక్కన పెట్టి మీటరు ముల్లు ఎటు తిరిగితే అదే సత్యమని నమ్ముతూ వచ్చాను. నా కొంప ముంచింది ఆ నమ్మకమే.

మా పెద్దపిల్లకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక పరుగే మిగిలింది. పదహారు వందల మీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో ఉరకాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. వయసు లెక్క చూసుకుంటే తనకు ఇదే ఆఖరిసారి కావచ్చు. రోజూ తెల్లారుతూనే కాలేజీ గ్రౌండుకు పోయేది. అక్కడ మిలిటరీలో పనిచేసి వచ్చిన సారొకాయన పదిమంది పిల్లలను ఉరికించేవాడు. ఆయన దగ్గరున్నవి ఒక విజిలు, ఒక స్టాప్‌వాచీ, గ్రౌండు చివరిదాకా వినబడే గొంతు. మా పిల్ల ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లకు వచ్చేసింది. ఇంకా నెలన్నర టైముంది. ఆ నెలన్నర నేను నోరు మూసుకుని నా తీగ నేను చుట్టుకుని ఉంటే సరిపోయేది.

కానీ నాకొక తమ్ముడుండేవాడు. చాలా ఏళ్ల కిందట మిలిటరీ భర్తీకి పోయి ఉరుకుతూ పడిపోయాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ముందురోజు వాడికి ఒళ్లు వెచ్చగా ఉంది. ‘నేను పోనన్నా, పానం బాగలేదు’ అన్నాడు. ఉరికితే చెమట పట్టి జ్వరం అదే దిగుతుందని చెప్పి, బస్టాండుదాకా వెంటపోయి బస్సెక్కించింది నేనే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పిల్లలు చిన్నాయన ఎట్లా పోయాడని అడిగినప్పుడల్లా ఒక కథ చెప్పాను. ఒకసారి పాము కరిచిందన్నాను, ఒకసారి పిడుగు పడిందన్నాను, ఒకసారి నల్లమలలో ఎలుగుబంటితో కుస్తీ పట్టాడన్నాను. ఎలుగుబంటి కథ వాళ్లకు బాగా నచ్చింది.

అందుకే బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల దుకాణంలో ఆ గడియారాన్ని చూడగానే కాళ్లు ఆగిపోయాయి. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుందట. తిప్పి చూస్తే వెనక పచ్చలైటు మిణుకుమంటోంది. ఆ లైటు తోలు లోపలికి పోయి నెత్తురు ఎట్లా పొంగుతోందో చూసి లెక్కపెడుతుందని దుకాణం పిల్లవాడు చెప్పాడు. అంటే మీటరే. మనిషికి పెట్టే మీటరు. కొనేశాను.

మా పిల్ల దాన్ని ఎడమచేతికి పెట్టుకుంది. ఆ చేతికి అప్పటికే రెండు దారాలున్నాయి. ఒకటి హనుమంతుడి గుడిది, ఒకటి దర్గాలో ఊది కట్టింది. మా దిక్కు ఆడపిల్లలకు దారం ఎడమచేతికే కడతారు. కట్టిన దారాన్ని విప్పరు, కొయ్యరు. అదే చీకిపోయి రాలిపోవాలి. గడియారాన్ని వాటి మీదనే బిగించింది. ఎవరికీ అందులో తప్పేమీ కనబడలేదు.

మరునాడు గ్రౌండు అంచున నిలబడ్డాను. సగం రౌండు తిరిగి నా ముందు నుంచి పోతూ చెయ్యెత్తి అరిచింది.

“నూట డెబ్బై ఆరు నాయినా!”

సగం రౌండుకే నూట డెబ్బై ఆరు. ఆగిన కాసేపటికే తొంభై. మళ్లీ ఉరికితే అడుగు పడీ పడగానే నూట డెబ్బై ఆరు. స్విచ్చి వేయగానే ముల్లు చివరిదాకా పోయే మోటారు ఎన్నాళ్లు బతుకుతుందో నాకు తెలుసు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె నా మాట నమ్మదు గానీ గడియారం మాట నమ్మింది. ఆ సాయంత్రమే గుట్ట మీది దేవుడి దగ్గరికి పోయి ఏడు ముడుల నల్లదారం తెచ్చి కూతురి చేతికి కట్టింది. మరునాడు నూట ఎనభై చూపించింది. ఆమె మళ్లీ దర్గాకు పోయింది. ఆకుపచ్చ దారం వచ్చింది. అంకె తగ్గలేదు. వాళ్ల పుట్టింటి దేవత దగ్గర్నుంచి పసుపుకొమ్ము కట్టిన దారం వచ్చింది. పది రోజులు తిరిగేసరికి ఆ పిల్ల మణికట్టు మీద దారాలు దుప్పటిలా పేరుకున్నాయి. వాటి మీద గడియారం రాళ్లబాటలో ఎడ్లబండిలా ఊగుతోంది. అంకె చెడ్డదని దారం కడితే, దారానికి దారానికి అంకె ఇంకా చెడిపోతోంది. అది మాకు తట్టలేదు. అంకె పెరిగిందంటే రోగం ముదిరిందనే అనుకున్నాం.

నాకు నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు పిల్లను కూర్చోబెట్టి మా తమ్ముడి సంగతి చెప్పాను. వెచ్చటి ఒళ్లు, నేనన్న మాట, బస్సు, ఏదీ దాచలేదు. ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నది.

“ఇది ఎన్నోది నాయినా?” అంది.

“గిది నిజం బిడ్డా.”

“ఎలుగుబంటి గూడ నిజమే అంటివి. దాని గోరు అని జెప్పి నాకు మేకగిట్ట చూపిస్తివి. నేను మూన్నెల్లు మెత్త కింద పెట్టుకొని పండుకున్న.”

“తల్లి తోడు బిడ్డా!”

“నాయినమ్మ మీద ఒట్టు పెట్టకు. ఆమె పోయినంక గూడ నిమ్మలంగ ఉండనియ్యవా?”

లేచి వెళ్లిపోయింది. నాకే నా మీద అసహ్యం వేసింది. నిజాన్ని కూడా అబద్ధాలు చెప్పే గొంతుతోనే చెప్పాల్సి వచ్చింది. నాకింకో గొంతు లేదు.

మాట పనిచేయలేదు కాబట్టి పనులు మొదలుపెట్టాను. ఆమె బూట్లు తీసుకుపోయి దుకాణంలో పాత మోటారు డొల్లలో దాచాను. ఆమె ఒట్టికాళ్లతో ఉరికింది. అరికాళ్లు బొబ్బలెక్కి ఇంటికొచ్చింది. ఆ పాదాలు చూసి నేనే బూట్లు తెచ్చి ఇచ్చేశాను. అప్పటికి పరీక్షకు ఇరవై తొమ్మిది రోజులుంది. అప్పుడు చేశాను ఆ పని. ఎవరూ లేని వేళ చూసి సారు ఇంటికి పోయాను.

“సార్, మీకో ముచ్చట జెప్పాలె. మా పిల్లకు చిన్నప్పటి సంది గుండెల రంధ్రమున్నది.”

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“గంత పెద్ద ముచ్చట ఇప్పుడు చెప్తున్నవా?”

“నేను జెప్పిన్నని పిల్లకు చెప్పకుండ్రి సార్. బాధపడ్తది.”

నా జీవితంలో అంత తేలిగ్గా నమ్మబడిన అబద్ధం మరొకటి లేదు. ఆయన నాకు కొత్త. ఊళ్లోకి వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు.

మరునాడు పొద్దున ఆమె గీత దగ్గర నిలబడగానే సారు విజిలు ఊదాడు.

“బిడ్డా, గుండె పరీక్ష కాయిదం తే. అది లేంది నువ్వీ గ్రౌండుల ఉరుకొద్దు.”

“నా ఒక్కదానికేనా సార్?”

ఆయన తల తిప్పాడు. గ్రౌండు అంచున ఉన్న నన్ను చూశాడు. ఆమె కూడా చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బూట్ల తాళ్లు విప్పుకుని, చేతుల్లో పట్టుకుని, నా పక్కనుంచే నడిచి పోయింది. ఇంట్లో తల్లి అడిగితే సారు అందరినీ కాయితం తెమ్మంటున్నాడని చెప్పిందట. నన్ను పట్టివ్వలేదు. నాతో మాట్లాడటం మాత్రం మానేసింది.

గుండెను తెర మీద చూసే పరీక్ష కోసం మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోతే, వరుసలో చాలామంది ఉన్నారని, పంతొమ్మిది రోజుల తర్వాత రమ్మని చీటీ రాసిచ్చారు. అంటే పరీక్షకు తొమ్మిది రోజుల ముందు. పిల్ల ఊరుకోలేదు, ఇంటి స్లాబు మీద ఉరకడానికి పోయింది. నాలుగు మూలలు తిరిగిందో లేదో గడియారం నూట ఎనభై చూపించింది. మా ఆవిడ నిచ్చెన మీదనే కూలబడి శోకాలు పెట్టింది. పిల్ల కిందికి దిగి, గడియారం విప్పి, దుకాణానికి వచ్చి నా బల్ల మీద పడేసి పోయింది.

అది అట్లా మూడు రోజులు నా రాగితీగ ముక్కల మధ్య పడి ఉంది. ఆదివారం నాడు పక్క మటన్ దుకాణం భాయ్ చూశాడు. ఆయనా నేనూ ఇరవై ఏళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లం. నా కథలన్నీ గోడ అవతలినుంచి విని, బాగుంటే కత్తితో మొద్దు మీద రెండు దెబ్బలు కొట్టి మెచ్చుకునేవాడు.

“ఏందన్నా, మూడు దినాల సంది నీ దుకాణంల సప్పుడు లేదు. బతికున్నవా?”

“జర బతికున్న భాయ్.”

“గా గడియారమేంది? నా చేతికి వెట్టు, చూస్త.”

చేతులకు కొవ్వు అంటి ఉందని దాన్ని ఆయన మణికట్టు మీద వదులుగా తగిలించాను. అప్పుడే ఒకాయన కిలో కీమా కావాలన్నాడు. భాయ్ రెండు కత్తులు తీసుకుని మొద్దు మీద టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. కీమా కొడుతూ ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. వంగి చూశాను. నూట అరవై ఎనిమిది.

“భాయ్! కత్తులు కింద వెట్టు! నీ పానం పోతాంది!”

“పోతే కీమా ఎవరు కొడ్తరన్నా?”

“నవ్వకు భాయ్, నూట అరవై ఎనిమిదున్నది!”

ఆయన కత్తులాపాడు. నేను వేళ్లు ఆయన గొంతు పక్కన నరం మీద పెట్టి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఎనభై నాలుగు. కీమా కోసం వచ్చినాయన మమ్మల్నిద్దరినీ వింతగా చూస్తున్నాడు. భాయ్ మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. ఈసారి నెమ్మదిగా. అంకె దిగింది. జోరు పెంచాడు. అంకె ఎక్కింది. మళ్లీ తగ్గించాడు. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

“అన్నా,” అన్నాడు. “గిది నా గుండెను లెక్కవెడ్తలేదు. కత్తిని లెక్కవెడ్తాంది.”

దుకాణం షట్టరు కూడా వేయకుండా ఇంటికి ఉరికాను. పిల్ల బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“బిడ్డా, ఒక్క నిమిషం ఉరుకు. నిలవడ్డ జాగలనే ఉరుకు. గడియారం పెట్టుకొని.”

“గుండెల రంధ్రమున్నోళ్లు ఉరుకొద్దు,” అంది, చాట లోంచి తల ఎత్తకుండా.

చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను సారుకు ఏం చెప్పానో తెలుసుకునే ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. చేతులు జోడించానో లేదో గుర్తులేదు. మా ఆవిడ అప్పుడు ఇంట్లో లేదు. ఎంతసేపు అట్లా ఉన్నానో, చివరికి ఆ పిల్ల లేచింది. గడియారాన్ని ఆ దారాల మీదనే పెట్టుకుని నిలబడ్డ చోటనే ఉరికింది. నేను తీగ చుట్లు లెక్కపెట్టే మనిషిని. ఆమె అడుగులు లెక్కపెట్టాను. నిమిషానికి నూట డెబ్బై నాలుగు. గడియారంలో నూట డెబ్బై ఐదు. గొంతు నరం మీద వేళ్లు పెట్టి చూస్తే నూట ముప్పైకి అటూ ఇటూ. తర్వాత తనే గడియారాన్ని విప్పి, దారం లేని కుడిచేతికి, ఎముకకు రెండు వేళ్ల పైన, గట్టిగా బిగించి మళ్లీ ఉరికింది. నూట ముప్పై మూడు.

ఇద్దరం ఆ అంకె వంక చూస్తూ నిలబడ్డాం.

“మరి సార్‌కు ఏం జెప్తవ్?” అంది.

అప్పటికప్పుడు పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రంధ్రం లేదని, కల్పించి చెప్పానని, గడియారం అడుగులను గుండె దెబ్బలనుకుందని, భాయ్ కీమా కొడితే తెలిసిందని. సారు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఈ మధ్యలో ఊళ్లో ఎవరో ఆయనకు నా గురించి చెప్పినట్టున్నారు.

“మొన్న రంధ్రమున్నదంటివి. ఇయ్యాల లేదంటున్నవ్. మొన్నటిది అబద్ధమా, ఇయ్యాలటిది అబద్ధమా? గడియారం కత్తిని లెక్కవెట్టుడేంది? పిల్ల పానంతోటి ఆడుకోకు. కాయిదం తే.”

కాళ్లు పట్టుకోబోయాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆయన తప్పు లేదు. నేనాయన స్థానంలో ఉన్నా తలుపే వేసేవాణ్ని.

ఇక ఆ చీటీలోని తేదీకోసం కూర్చున్నాం. పిల్ల స్లాబు మీద ఉరుకుదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. కీమా సంగతి చెబితే, ‘ఇంక కథలు చాలు’ అంది. రోడ్డు మీద ఉరకబోతే వెంటపడి లాక్కొచ్చింది. నేను రోజూ పొద్దున గ్రౌండు వైపు పోయి, మిగిలిన తొమ్మిదిమంది ఉరుకుతుంటే చూసి వచ్చేవాణ్ని. ఎందుకు పోయేవాణ్నో తెలియదు.

పెద్ద దవాఖానలో డాక్టరు చిన్నవాడే. పిల్లను పడుకోబెట్టి తెర మీద గుండెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ లోపమూ లేదని రాసిచ్చాడు.

“రంధ్రమని ఎవరు చెప్పిండ్రు?” అని అడిగాడు.

నేను నేల చూపులు చూశాను. పిల్ల, “ఊళ్లె అంటరు సార్,” అంది.

గడియారం సంగతి చెబితే ఆయన నవ్వలేదు. కూర్చున్నప్పుడు అది చాలావరకు సరిగ్గానే చూపిస్తుందన్నాడు. ఉరికేటప్పుడు చెయ్యి ఊగుతుంది, పట్టీ కదులుతుంది, చెమట పడుతుంది. లైటుకు నెత్తురు పొంగు కంటే చేతి ఊపే పెద్దగా కనబడుతుంది. అడుగుకు అడుగు అదే ఊపు కాబట్టి దాన్నే గుండె అనుకుంటుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ దీనికంటే నయమన్నాడు. ఏదీ లేకపోతే ఆగిన వెంటనే మెడ మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టుకోమన్నాడు.

“ఇంకొకటి,” అన్నాడు. “ఈ వయసుల గట్టిగ ఉరికితే నిజంగనే నూట ఎనభై దాటొచ్చు. అంకెను చూసి భయపడద్దు. ఛాతీల నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, జ్వరమున్నా మాత్రం ఉరుకొద్దు.”

జ్వరమున్నా, అన్నప్పుడు పిల్ల నా ముఖం చూసింది. అప్పుడు తనకు తెలిసిందనుకుంటాను, ఆ రోజు కూర్చోబెట్టి చెప్పింది ఎలుగుబంటి లాంటిది కాదని. బయటికొచ్చాక చెట్టు కింద ఇద్దరం చెరుకురసం తాగాం. ‘చిన్నాయనకు ఎన్నేండ్లుండె?’ అని అడిగింది. ఇరవై అన్నాను. గ్లాసు కింద పెట్టి, నడువు నాయినా, బస్సు పోతది అంది.

కాయితం చూసి సారు మళ్లీ గీత మీద నిలబెట్టాడు. మొదటి రోజు ఎనిమిది నిమిషాల యాభై ఐదు సెకన్లు. పంతొమ్మిది రోజులు కూర్చున్న ఒళ్లు. పొద్దున ఉరికింది, సాయంత్రం ఉరికింది. పిక్కలకు నేనే నూనె రాసి పిసికాను. యాభై ఐదు నలభై తొమ్మిది అయింది, నలభై ఒకటి అయింది. ఆఖరి రోజు ముప్పై ఐదు. ఇంకో వారం ఉంటే, అన్నాడు సారు. ఆ వారాన్ని తిన్నదెవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పరీక్ష హైదరాబాదు అవతల ఒక బలగాల క్యాంపులో. కన్నవాళ్లను గేటు లోపలికి రానివ్వలేదు. నాలాంటివాళ్లు వందమంది గోడ నీడన నిలబడి ఉన్నారు. ఇంకో ఊళ్లో, ఇంకో గోడ పక్కన నేనట్లా ఒకసారి నిలబడి ఉండాల్సింది. తమ్ముణ్ని ఒంటరిగా పంపాను. లోపల విజిలు వినబడినప్పుడల్లా గేటుదాకా పోయి వచ్చేవాణ్ని. ఏ విజిలు ఎవరిదో తెలియదు. పిల్ల బతికి బయటికి వస్తే చాలు, ఉద్యోగం లేకపోయినా ఫికర్ లేదు అని మొక్కాను. ఆ మొక్కు మొక్కినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఎందుకంటే అదే తీరింది.

బూట్లు చేతుల్లో పట్టుకుని వచ్చింది. ముఖమంతా దుమ్ము, చెమట.

“ఆరు సెకన్లు,” అంది.

బస్సులో కల్వకుర్తిదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడేసరికి తన వయసు మిగిలి ఉంటుందో లేదో. ఆ సంగతి నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు. నేను పంతొమ్మిది రోజులను ఆరు సెకన్లతో కొలుస్తూ కూర్చున్నాను. రోజుకు సెకనులో మూడోవంతు కూడా పడలేదు. ఒక్కొక్క రోజు నేను అంత చిన్న ముక్క దొంగిలించాను.

ఇంటి ముందర మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కూతురి ముఖం చూడగానే తెలిసిపోయింది.

“ఏమైంది బిడ్డా?”

“ఆఖరి రౌండుల కుక్క అడ్డమొచ్చిందమ్మా,” అంది పిల్ల. “తప్పించవోతే కాలు మడత వడ్డది. లేకుంటే అయిపోతుండె.”

“కుక్కా? గంత పెద్ద క్యాంపులకు కుక్కలెట్లొచ్చినయ్?”

“రెండొచ్చినయ్. ఒకటి నల్లది.”

నల్లది అన్న చోట నేను తట్టుకోలేకపోయాను.

“కుక్కా లేదు, నక్కా లేదు,” అన్నాను. “నేనే సార్ దగ్గరికి పొయ్యి పిల్లకు గుండెల రంధ్రమున్నదని అబద్ధం జెప్పిన. పంతొమ్మిది దినాలు ఉరుకనియ్యలే. నా వల్లనే పొయ్యింది దాని నౌకరి. కావాలంటె సార్‌ను అడుగు.”

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆమె కళ్లల్లో అలసట తప్ప మరేమీ లేదు.

“జర ఊకోరాదయ్యా. పిల్ల పుట్టెడు దుఃఖంల ఉంటే ఇయ్యాల గూడ నీ కథలేనా?”

కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పోతూ పోతూ ఆ క్యాంపులో కుక్కలను వదిలేసినవాళ్ల ఏడుతరాలను తిట్టింది. నేను వెనకాలే గడపదాకా పోయాను. పిల్ల చెంబెత్తి నీళ్లు తాగుతోంది. నేను మళ్లీ నోరు తెరిచాను.

చెంబు కిందికి దించి, మూతి తుడుచుకుని, “ఊకో నాయినా,” అంది.